మూడు రోజులు నిలిచిన నీళ్ళు

ఎర్రదారం తొమ్మిదివేల దగ్గర మళ్ళీ తెగింది.

దారమంటే కుట్టుకునే దారం కాదు. పదిహేను అడుగుల గాజుగొట్టంలో నీళ్ళు పారుతుంటే, వాటి నట్టనడుమ సూదిమొనంత సందులోంచి వదిలే ఎర్రరంగు. నీళ్ళు బుద్ధిగా, పొర మీద పొరగా సాగినంతసేపూ ఆ రంగు గీత గీసినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు నిలబడుతుంది. వేగం పెంచుతూ పోతే ఎక్కడో ఒకచోట వణుకుతుంది, మెలితిరుగుతుంది, ఆ తర్వాత గొట్టమంతా గులాబీరంగు గందరగోళం. ఆ తెగే చోటుకి ఒక అంకె ఉంది. నీళ్ళ వేగం, గొట్టం వెడల్పు, నీళ్ళ చిక్కదనం, మూడూ చూసి కట్టే అంకె. అదెంత పెద్దదైతే నీళ్ళని అంత కుదురుగా ఉంచగలిగినట్టు లెక్క.

ఐదు నెలల కిందట ఇదే గదిలో, ఇదే గొట్టంలో, ఆమె ఆ దారాన్ని ఇరవై రెండువేల దాకా తెగకుండా తీసుకుపోయింది. అప్పటినుంచే యూనివర్సిటీ విభాగంలో అందరూ ఆమెని ‘దారం మేడమ్’ అనడం మొదలుపెట్టారు. గొట్టం మొదలయ్యేచోట, ఇనపట్యాంకు లోపల, నీళ్ళు గొట్టంలోకి దిగడానికి ఒక గరాటు ఉంటుంది. ఆ గరాటు వంపుని ఆమె ఏడాదిపాటు లెక్కలు కట్టి గీసి, తెల్ల ప్లాస్టిక్కుతో చేయించింది. దారం తెగకపోవడానికి ఆ వంపే కారణమని వ్యాసం రాసింది. వ్యాసం అచ్చయింది, ఆమె డాక్టరేటు డిగ్రీకి అదే ప్రాణమైంది. తర్వాత మరోచోట ఎవరో ఆ బొమ్మ చూసి అలాంటి గరాటే చేయించుకుని ప్రయత్నించారు. వాళ్ళ దారం తొమ్మిదివేలకే తెగింది. మర్యాదగానే ఉత్తరం రాశారు. మర్యాదగా రాసిన ఉత్తరాలంత ప్రమాదం ఇంకోటి లేదు. ‘ఈ అంకెలు గొట్టంలోంచి వచ్చాయా, కలంలోంచి వచ్చాయా’ అన్నది దాని సారాంశం.

ఆ ఉత్తరం మీద విచారణకి సోమవారం కమిటీ వస్తోంది. వాళ్ళ కళ్ళముందు దారం నిలబడాలి. నిలబడకపోతే డిగ్రీ పోవడం ఒక్కటే కాదు, దొంగలెక్కలు రాసిన మనిషని ముద్ర పడుతుంది. ఆ ముద్రతో ఇక ఏ గుమ్మమూ తొక్కనివ్వరు. ఇవాళ బుధవారం.

“ఇంకోసారి చూద్దామా మేడమ్?” అన్నాడు కొత్త ఫిట్టరు, గొట్టం చివర తిరగలి పిడిలాంటి కవాటం పట్టుకుని.

“చూద్దాం.”

మళ్ళీ నింపారు. లావుపాటి రబ్బరుగొట్టంతో గంటలో ట్యాంకు నిండింది. రాత్రంతా నిలవనిచ్చి గురువారం పొద్దున్న వదిలారు. ఎనిమిదివేల ఏడువందలు. ఆమె నోటుబుక్కులో రాసింది. దారంతోపాటు తనూ తెగిపోతున్నట్టు అనిపించి, కుర్చీలో కూలబడింది.

గైడు గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు. పదిమందికి డాక్టరేట్లు ఇప్పించిన మనిషి, మాటలో తొందర ఎక్కువ. ‘ఆలస్యం అమృతం విషం’ అనేది ఆయన ఊతపదం.

“మొదటి ఏడాది నీకు నేనేం చెప్పాను?” అన్నాడు.

“నీళ్ళు వాటంతట అవి చెడవు అన్నారు సార్.”

“లెక్క అదే చెబుతుంది. తిన్నని గొట్టంలో ఎంత వేగమైనా సరే, బయటినుంచి ఏదో ఒకటి తాకితే తప్ప పారకం చెడదు. మరి ఇప్పుడేం తాకుతోంది?”

“తెలియదు సార్.”

“అప్పుడెందుకు తాకలేదు?”

ఆయన గొంతు తగ్గించాడు. “చూడమ్మా, నేను నీ అంకెలు నమ్మి సంతకం పెట్టాను. సోమవారం కూడా ఇలాగే అయితే, అంకెలు నువ్వొక్కదానివే తీశావని, నేను చూడలేదని చెప్పుకోక తప్పదు. ఏమీ అనుకోకు.”

ఏమీ అనుకోకు అన్న మాట చెప్పినవాళ్ళకి ఎంత హాయి! ఐదేళ్ళు ఆ మనిషి వెనకాల నోటుబుక్కు పట్టుకు తిరిగింది. ఆయన బూట్ల చప్పుడు వరండా చివరిదాకా వినబడి ఆగిపోయింది.

ఆమె ఉండేది అక్క ఇంట్లో. అక్క దర్జీ. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, మేకులకి వేలాడే సగం కుట్టిన బట్టలు, నేలంతా గుడ్డపేలికలు. సాయంత్రం చెల్లెలు వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గోడకి చేరగిలబడితే, అక్క మిషను ఆపకుండానే ఓరగా చూసింది.

“మళ్ళీ తెగిందా?”

తల ఊపింది.

అక్కకి గొట్టాల సంగతి తెలియదు. దారాల సంగతి తెలుసు. “నా మిషన్లో దారం ఊరికే తెగుతుంటే నేను దారాన్ని తిట్టనే. సూదినీ తిట్టను. నిన్నటిదాకా బాగా కుట్టిందా లేదా? కుట్టింది. మరి మధ్యలో మిషను ముట్టుకున్నదెవరు? ముందు అది అడుగుతాను.”

“గొట్టం అదే, ట్యాంకు అదే, నీళ్ళు అవే అక్కా.”

“మనుషులు?”

చెల్లెలు తలెత్తింది. అక్క దారం కొరికి, తీరిగ్గా ఇంకో జాకెట్టు చెయ్యి సూది కిందకి జరిపింది.

మనిషి మారాడు. మార్పించింది తనే.

అంతకుముందున్న ఫిట్టరుని గోరు మేస్త్రి అనేవాళ్ళు. గాజుముక్కా గాజుముక్కా కలిపిన ప్రతి అతుకు మీదా కళ్ళు మూసుకుని బొటనవేలి గోరు నడిపేవాడు. గోరు తట్టకూడదు. తట్టిందంటే మళ్ళీ విప్పేవాడు. గదిలోకి ఎవరూ చెప్పులతో రాకూడదు, ఫ్యాను వెయ్యకూడదు, ట్యాంకు మూత ఎత్తకూడదు. ట్యాంకు నింపమంటే మూడు రోజులు. ఆమెకి ఒళ్ళు మండిపోయేది. రెండు నెలల కిందట గైడు ‘ఒక ముక్క రాసివ్వు, మిగతాది నేను చూసుకుంటా’ అంటే, నిలబడ్డపాటున రాసిచ్చింది. రాసిన వాక్యం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు గుర్తుంది: ‘ట్యాంకు నింపడానికి మూడు రోజులు తీసుకుంటున్నాడు.’ మర్నాడే అతన్ని గోదాముకి పంపేశారు.

శుక్రవారం పొద్దున్నే గోదాముకి వెళ్ళింది. భవనం వెనక రేకుల షెడ్డు. విరిగిన కుర్చీలు, పనికిరాని మోటార్లు, తుప్పు వాసన. గుమ్మం పక్కన చిన్న బల్ల వేసుకుని మేస్త్రి రిజిస్టరులో గీతలు కొడుతున్నాడు. స్కేలు లేకుండా కొట్టిన గీతలు తిన్నగానే ఉన్నాయి.

“బాబాయ్...” అంది.

అతను కళ్ళజోడు పైనుంచి చూశాడు. “ఐదేళ్ళూ మేస్త్రీని. ఇవాళ బాబాయినయ్యానన్నమాట. కూర్చోండమ్మా, పెద్ద పనే పడ్డట్టుంది.”

ఎగతాళే, కానీ కుర్చీ దుమ్ము దులిపి మరీ వేశాడు. ఆమె కూర్చోలేదు. రిజిస్టరు కాగితాలు గాలికి లేవకుండా దాని మీద ఒక బరువు పెట్టి ఉంది. అరచేతంత ఇత్తడి గరాటు. అంచు అద్దంలా మెరుస్తోంది. ఆమెకి అది తెలుసు. తన తెల్ల గరాటుకి ముందు ట్యాంకులో ఉండేది, పాతది, నాసిరకమని తన వ్యాసంలో రెండో పేజీలో తేల్చిపారేసింది.

“ఇదింకా ఉందా? ఇక్కడికెప్పుడొచ్చింది?”

“రెండు నెలలయిందమ్మా. కొత్త ఫిట్టరు తెచ్చిచ్చాడు. ఇదిగో, రాసే ఉంది.” రిజిస్టరు తిప్పి చూపించాడు. “పాపం అతని తప్పేం లేదు. బొమ్మలో తెల్లది ఉంది, ట్యాంకులో ఇత్తడిది ఉంది. బొమ్మ ప్రకారం మార్చాడు.”

ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. రెండు నెలల కిందటిదాకా ట్యాంకులో ఇత్తడిది ఉంది. తన ఇరవై రెండువేలు వచ్చి ఐదు నెలలు.

“అంటే... అప్పుడు... నా గరాటు?”

“మీ గరాటు అంచుకి చిన్న పెచ్చు లేచి ఉందమ్మా. చూస్తే కనబడదు, గోరుకి తట్టింది. చెప్దామనే వచ్చాను. మీరు ఫోన్లో ఉన్నారు. ‘బిగించమన్నది బిగించండి మేస్త్రీ, సలహాలు తర్వాత’ అన్నారు. పెచ్చున్నదాన్ని బిగించడానికి నాకు చెయ్యి రాలేదు. దాన్ని బీరువాలో పెట్టి, ఈ పాతదాన్నే నాలుగు రోజులు నూరి పెట్టాను. కొత్తది సరిచేయించాక మారుద్దాంలే అనుకున్నాను. ఈలోగా మీ అంకె వచ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు, మీరు నాకు కూడా టీ ఇప్పించారు. ఇక ఆ తర్వాత చెప్పడానికి నోరు పెగల్లేదు.”

బయట ఎవరో సామాన్ల బండి తోసుకుపోయారు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఏడాది లెక్కలు, అచ్చయిన వ్యాసం, పేరు, అన్నీ ఈ మనిషి నాలుగు రోజులు నూరిన ఇత్తడి ముక్క మీద నిలబడ్డాయి. ట్యాంకు మూత ఎత్తకూడదన్నాడని విసుక్కుందే కానీ, ఒక్కసారంటే ఒక్కసారి లోపల ఏముందో చూడలేదు.

“మీరు నా కొంప ముంచారు బాబాయ్!” అంది. అని, వెంటనే సిగ్గుపడింది.

“నిజమే. మీరు నన్నిక్కడ పడేశారు. సరికి సరి అనుకుందామా?” అతను నవ్వలేదు. “నాకు ఇంకా ఎనిమిది నెలల సర్వీసుంది. చెప్పకుండా సామాను మార్చానని తెలిస్తే నన్నూ ఊరికే వదలరు. ముప్పయ్యేళ్ళు చేసి, చివర్లో మెడపట్టి గెంటించుకోవాలి.”

తర్వాత అతనే లేచాడు. గరాటుని చొక్కా కొసతో తుడిచాడు.

“కమిటీ ఎప్పుడు?”

“సోమవారం.”

“ఇవాళ మధ్యాహ్నం నింపితే సరిగ్గా మూడు రోజులు. ఒక్కసారికే టైముంది. తెల్లదాని పెచ్చు నూరి పెట్టొచ్చు, కానీ అది నిలబెడుతుందో లేదో నేను చెప్పలేను. ఇత్తడిది నిలబెడుతుంది. ఏది పెట్టమంటారు?”

తెల్లది పెడితే పందెం. ఇత్తడిది పెడితే అబద్ధం. మూత మూసేస్తే లోపల ఏ రంగు గరాటు ఉందో కమిటీకి ఎలా తెలుస్తుంది? తెలిస్తే తనొక్కతే కాదు, ఈయనా పోతాడు. కాబట్టి చెప్పకపోవడమే ఈయనకి మేలు. ఈ చివరి మాట మనసులో ఎంత చక్కగా అమరిందంటే, ఆ చక్కదనం చూసి ఆమెకే అసహ్యం వేసింది.

“ఇత్తడిదే,” అంది.

ఆ మధ్యాహ్నం మొదటిసారి మేస్త్రి పని మొదటినుంచి చివరిదాకా చూసింది. చెప్పులు వరండాలో విప్పింది. కొత్త ఫిట్టరు కూడా విప్పి, గోడవారగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రి గొట్టం అతుకులన్నీ గోరుతో చూశాడు, మూడింటిని విప్పి మళ్ళీ నూరి అతికాడు. గరాటుని బిగించి, దాని అంచు గొట్టంలో కలిసేచోట గోరు నాలుగుసార్లు చుట్టూ తిప్పాడు. రబ్బరుగొట్టం కొసకి నాలుగు మడతల గుడ్డసంచీ కట్టి, ట్యాంకు అడుగుదాకా దించి, కుళాయిని ఒక్క చుట్టు మాత్రమే తిప్పాడు. నీళ్ళు పైకి లేస్తున్నట్టే తెలియలేదు. ట్యాంకు లోపలి గోడమీది పెన్సిలు గీత అందుకునేసరికి చీకటిపడింది. అప్పుడు కుళాయి కట్టి, మూత దించాడు. చప్పుడు కాకుండా దించడానికి కింద వేళ్ళు పెట్టి, ఒక్కో వేలూ లాగాడు.

“ఇక వీటి మానాన వీటిని వదిలెయ్యాలి. కుళాయిలోంచి వచ్చిన నీళ్ళకి చాలాసేపు ఆ తిరుగుడు గుర్తుంటుందమ్మా. పైకి నిలకడగానే కనబడతాయి. లోపల తిరుగుతూనే ఉంటాయి.”

“ఇదంతా ఎక్కడైనా రాసిపెట్టారా బాబాయ్?”

“ఎవరడిగారు?”

శని, ఆదివారాలు ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. అక్క పెట్టింది తినలేదు. రెండుసార్లు కమిటీకి ఉత్తరం మొదలుపెట్టింది. మొదటిదానిలో మేస్త్రి పేరు రాయాల్సిన చోటికి వచ్చి ఆగిపోయింది. రెండోదానిలో అతని పేరు లేకుండా రాస్తే, తను అంకెలు అల్లినట్టే తయారైంది. రెండూ చింపింది. చచ్చిపోతే బాగుండును అనుకుంది, మరుక్షణం ఆ ఆలోచనకి భయపడి వంటింట్లోకి పోయి అక్క పక్కన నిలబడింది. అక్క ఉల్లిపాయలు చేతికిచ్చింది. కళ్ళనీళ్ళకి ఒక సాకు దొరికింది.

ఆదివారం మధ్యాహ్నం గదికి వెళితే, మేస్త్రి వరండాలో గుమ్మానికి అడ్డంగా బల్ల వేసుకుని కూర్చుని ఉన్నాడు. సెలవు రోజు. ఎవరూ రమ్మనలేదు.

“అటుగా ఎవరైనా నడిచిపోతారని,” అన్నాడు. “మీరు నిద్రపోయినట్టు లేరే.”

“రేపు నేనేం చెయ్యాలి బాబాయ్?”

“అది నన్నడక్కండమ్మా. అడిగితే నా ఎనిమిది నెలలే నా నోటితో మాట్లాడతాయి.” మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. “నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. నాకు మాత్రం నీళ్ళ సంగతే తెలుసు.”

సోమవారం పదింటికి కమిటీ వచ్చింది. ముగ్గురు. వాళ్ళకి పెద్ద, తెల్లజుట్టు ముడివేసుకున్న ఒక ముసలావిడ. గుమ్మంలో వరసగా పెట్టిన చెప్పులు చూసి, ఏమీ అడక్కుండా తనవీ విప్పింది. మిగతా ఇద్దరికీ తప్పలేదు. గైడు మాత్రం గుమ్మం అవతల బూట్లతోనే ఆగాడు.

మేస్త్రిని ఆ రోజుకి గోదాము నుంచి అడిగి తెచ్చుకున్నారు. అతను కవాటం దగ్గర నిలబడ్డాడు. ఆమె రంగు వదిలింది. సూదిమొన నుంచి ఎర్రటి గీత బయల్దేరి, గాజులో మెల్లగా, తొణక్కుండా, చివరిదాకా సాగింది.

“ఐదువేలు,” అంది. “తొమ్మిదివేలు.”

దాటింది. మేస్త్రి చెయ్యి కదిలినట్టే కనబడలేదు. పన్నెండు. పదహారు. గదిలో ఊపిరి వినబడుతోంది. ఇరవై. ఇరవై రెండు. ఇరవై నాలుగువేలు. నీళ్ళు గొట్టం చివర ఉధృతంగా దూకుతున్నాయి. లోపల మాత్రం దారం నిద్రపోతున్నట్టుంది. ఐదు నెలలుగా ఆమె దీన్ని తనదనుకుంది. ఇప్పుడు చూస్తే ఎంత అందంగా ఉందో, ఎంత పరాయిదిగా ఉందో.

గైడు గుమ్మంలోంచే “చూశారా!” అన్నాడు.

ముసలావిడ వంగి గొట్టం పొడుగునా చూసి, నడుము పట్టుకుని లేచింది. “చాలా బాగుందమ్మా. అనవసరంగా బాధపెట్టాం. అయితే రిపోర్టులో ఒక్క వాక్యం రాసుకుంటాను. ఇది మీ కొత్త గరాటు వల్లే సాధ్యమైంది. అంతేగా?”

ఒక్క తల ఊపు చాలు. ఆమె మేస్త్రి వైపు చూసింది. అతను చూడలేదు. కవాటం మీద చెయ్యి వేసి, దారాన్నే చూస్తున్నాడు. నిన్నట్నుంచి గడ్డం గీసుకోలేదు.

“అలా రాయకండి,” అంది.

“ఎందుకు?”

“దారం ఎందుకు తెగలేదో నాకు తెలియదండి. గరాటు వల్ల కాదు. నేను రాసింది తప్పు.”

గైడు ఒక అడుగు లోపలికి వేశాడు. “టెన్షన్లో ఏదో మాట్లాడుతోందండీ...”

ముసలావిడ చెయ్యెత్తి ఆపింది. “గరాటు వల్ల కాదని నీకెలా తెలుసు?”

చెప్పాలంటే మేస్త్రిని వేలెత్తి చూపించాలి. ఒకసారి చూపించింది, చాలు.

“ఏమమ్మా? తప్పని తెలిసే అచ్చు వేయించావా?”

మౌనం. మౌనం చూసేవాళ్ళకి ఒప్పుకోలులాగే ఉంటుంది. కమిటీలో ఒకాయన అప్పుడే కాగితం మీద ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. కాళ్ళ కింద గచ్చు చల్లగా తగులుతోంది. అయిపోయింది అనుకుంది.

మేస్త్రి కవాటం వదిలేశాడు. స్టూలు లాక్కుని ట్యాంకు పక్కన వేసి, దాని మీదికెక్కి, మూత రెండు చేతులా పట్టుకుని ఎత్తాడు. ఈసారి వేళ్ళు అడ్డం పెట్టలేదు. మూత ట్యాంకు అంచుకి ఠంగున తగిలింది. ఆ చప్పుడుతోపాటే గొట్టంలో ఎర్రదారం వణికి, మెలితిరిగి, ముక్కలు ముక్కలై, గొట్టమంతా గులాబీరంగు కమ్ముకుంది.

“చూడండమ్మా,” అన్నాడు ముసలావిడతో. “ఇత్తడిది. అప్పుడూ ఇదే. ఈ అమ్మాయికి తెలియదు. మొన్న శుక్రవారందాకా తెలియదు. నేనే మార్చాను, చెప్పలేదు.”

ముసలావిడ స్టూలెక్కలేదు కానీ, మునివేళ్ళ మీద లేచి లోపలికి చూసింది. పసుపుపచ్చగా మెరుస్తున్న అంచుని చాలాసేపు చూసింది.

ఆ తర్వాత జరిగినవన్నీ పొడిపొడిగా జరిగాయి. వ్యాసం వెనక్కి తీసుకోవాలన్నారు. అంకెలు అల్లలేదని రాస్తామన్నారు, కానీ డిగ్రీ సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. సామాను మార్చిన విషయం వేరే కాగితం మీదికి వెళ్ళింది. అది ఎవరి బల్ల మీదికి చేరుతుందో, ఎనిమిది నెలల్లో ఎన్ని మిగులుతాయో ఎవరూ చెప్పలేదు. గైడు ఎప్పుడు వెళ్ళిపోయాడో తెలియలేదు, ఆయన బూట్ల అచ్చులు మాత్రం గుమ్మం లోపల రెండున్నాయి.

వెళ్ళబోతూ ముసలావిడ చెప్పుల దగ్గర ఆగింది. “మేస్త్రి గారూ, ఇరవై నాలుగువేలు నేను చూశాను. అది అబద్ధం కాదు కదా. మళ్ళీ చూపించగలరా?”

“చూపిస్తానమ్మా.”

“ఏం చేస్తారో చెబితే ఈ అమ్మాయి రాస్తుంది. అది నాకు పంపండి.”

గదిలో ఇద్దరే మిగిలారు. మేస్త్రి ట్యాంకు మూత గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని, నేల మీదే కూర్చున్నాడు. ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనబడ్డాడు. ఆమె ఎదురుగా కూర్చుని నోటుబుక్కులో కొత్త పేజీ తీసింది. పైన అతని పేరు రాయబోయి ఆగింది. ఐదేళ్ళలో ఆ పేరు ఎప్పుడూ అడగలేదు. అడిగింది. చెప్పాడు. రాసింది.

“ఎక్కడ మొదలుపెట్టను బాబాయ్?”

“నీళ్ళ దగ్గర మొదలుపెట్టండి.”

ఆమె కలం కాగితం మీద ఆనించింది. రావాల్సిన వాక్యం ఏమిటో అప్పుడు తెలిసింది. రెండు నెలల కిందట ఇదే చేత్తో ఒకసారి రాసిందే. కళ్ళు మసకబారుతుంటే తుడుచుకుని, మళ్ళీ రాసింది:

‘ట్యాంకు నింపడానికి మూడు రోజులు పడుతుంది.’